కెమెరాలు ఆపిన గంట

మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయిందంటే బందరులో మా వీధి వాళ్లు నమ్మలేదు. చెయ్యి పడిపోయిందంటే నమ్మారు, కాలు ఈడుస్తోందంటే నమ్మారు. నోరు పడిపోయిందంటే మాత్రం "సరిగ్గా కనుక్కున్నారా?" అని ఎదురు అడిగారు. వాళ్ల తప్పేం లేదు. బందరులో బస్సెక్కి పెడనలో దిగేలోపు పక్క సీటావిడ పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసి, తన ఇంటి సంగతులన్నీ అప్పజెప్పి, ఆవిడ రెండో కూతురికి ఓ సంబంధం కూడా చూసిపెట్టగల మనిషి మా అమ్మ.

అంత మాటకారీ మా ఆయనతో మాత్రం నా పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. కోపం కాదు, మర్యాద. అల్లుడి ఎదురుగా అత్తగారు కూర్చోకూడదు, ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు అన్నది ఆవిడ పుట్టింటి పాత పద్ధతి. ఇప్పుడు ఎవరూ పాటించరు. మా అమ్మ పాటిస్తుంది. తలుపు చాటున నిలబడి, "అమ్మాయ్, అల్లుడుగారికి ఇంకాస్త పులుసు కావాలేమో కనుక్కో" అంటుంది. ఆయన అంతా వింటూనే, "చాలని చెప్పు" అంటారు. ఇద్దరి మధ్యా నేను పోస్టాఫీసు నడుపుతూ ఉండేదాన్ని.

మాట పోయాక ఆవిణ్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. నాన్న లేరు, వాళ్లకి నేనొక్కదాన్నే. మాది దివిసీమలో నాగాయలంక దాటాక, రొయ్యల చెరువుల మధ్య ఇల్లు. వరండాలో నిలబడితే ఎదురుగా చెరువు గట్టే. పొద్దస్తమానం ఏరియేటర్లు నీళ్లని చిలుకుతూ ఉంటాయి. ఆ మోత ఆగిపోతే రొయ్యకి ఊపిరి ఆడదు, ఆ మోత ఉన్నంతసేపూ మనిషికి మాట వినపడదు. అల్లుడి ఇంట్లో పడి తింటున్నానన్న బాధ అమ్మ మొహంలో తెలుస్తూనే ఉండేది. నోరుంటే ఆ బాధ రోజుకి పదిసార్లు చెప్పేది, నేను పదిసార్లు కసిరేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. అదీ లేకుండా పోయింది.

విజయవాడలో డాక్టరుగారు చెప్పింది ఒకటే. మాట తిరిగి రావాలంటే మొదటి కొన్ని నెలలే ముఖ్యం, ఇప్పుడు ఎంత మాట్లాడిస్తే అంత వస్తుంది, ఈ రోజులు చేజారితే తర్వాత కష్టం అన్నారు. అప్పట్నుంచి నేను కాలుగాలిన పిల్లినే. రోజూ విజయవాడ తీసుకెళ్లి తీసుకురావడం ఆవిడ వల్ల కాదు కాబట్టి, క్లాసులు ట్యాబ్‌లో పెట్టించాం. సాయంత్రం నాలుగింటికి స్పీచ్ థెరపిస్టు అమ్మాయి తెర మీదికి వచ్చేది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేది. దువ్వెన, తాళంచెవి, గుమ్మడికాయ.

నాకు ఓపిక తక్కువ. అమ్మ "దు... దు..." అని తంటాలు పడుతుంటే పక్కనుంచి "దువ్వెన" అనేసేదాన్ని. కొద్దిరోజులకే ఆ అమ్మాయి నవ్వుతూనే నన్ను గదిలోంచి సాగనంపింది. "మేడం, అమ్మగారి మాటలన్నీ మీరే మాట్లాడేస్తున్నారు. క్లాసు అయ్యేదాకా తలుపు దగ్గరికేసి, మీరు వరండాలో కూర్చోండి ప్లీజ్" అంది. నేను కూర్చోలేదు. ఆ చివరనుంచి ఈ చివరికి నడిచాను. గదిలో ఏం జరుగుతోందో ఏరియేటర్ల మోతలో ఒక్క ముక్క వినపడేది కాదు. పోనీ మిగతా సమయంలోనైనా అమ్మ నాతో మాట్లాడేదా అంటే అదీ లేదు. నోరు తెరిస్తే చాలు మిగతాది నేను పూర్తి చేసేస్తానని తెలుసు కాబట్టి, ఎడమ చేత్తో చూపించి ఊరుకునేది.

అందుకని క్లాసయ్యాక ఆ అమ్మాయి ఫోన్లో ఏం చెబితే అదే నాకు ఆధారం. మొదట్లో మంచి కబుర్లే చెప్పేది. దువ్వెన వచ్చింది. తాళంచెవి వచ్చింది. ఓ రోజు బందరు హల్వా ఫొటో చూపిస్తే అమ్మ దాన్ని పరీక్షగా చూసి, "నెయ్యి... తక్కువ" అందట. ఆ మాట విని నేను స్టవ్ మీద కూర సంగతి మర్చిపోయి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే కెమెరాలు వచ్చాయి.

మా పక్క చెరువుల రైతు దగ్గర ఏరియేటర్ల మోటార్లూ, రాగి తీగా దొంగలు ఎత్తుకుపోయారు. ఆయనకి కెమెరాలు ఉన్నాయి. దొంగలు ఆ కెమెరాల వీడియోలు దాచే పెట్టెని కూడా ఎత్తుకుపోయారు. "బావుంది, దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు" అని మా ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, పెట్టెతో పనిలేని రకం కెమెరాలు తెప్పించారు. ఎదురుగా ఏదన్నా కదిలితే చాలు, ఆ కెమెరా వీడియో తీసి ఇంటి నెట్‌లోంచి ఎక్కడికో పంపేస్తుంది, ఆయన ఫోనుకి టింగుమని కబురు పెడుతుంది. గట్ల మీద ఒకటీ రెండూ కాదు. మేత షెడ్డుకి, జనరేటర్ గదికి, గేటుకి కూడా. ఎక్కడికెళ్లినా ఓ తెల్ల గుండు మనకేసే చూస్తూ ఉండేది. పట్టుబడికి దగ్గర పడిన రొయ్య, కొన్నాళ్లలో వల వేసి పట్టి అమ్మాల్సింది, కష్టమంతా నీళ్లలో ఉంది. ఆయన భయం నాకు తెలియనిదేం కాదు.

కానీ రిబ్బన్ల సంగతి ఎవరికీ తట్టలేదు. నీటికాకులూ కొంగలూ రొయ్యల మీద వాలకుండా మా వైపు చెరువుల మీద ఈ గట్టునుంచి ఆ గట్టుకి దారాలు లాగి, వాటికి మెరిసే రిబ్బన్లు కడతారు. గాలికి అవి తళతళలాడుతూ కొట్టుకుంటుంటే పిట్ట బెదిరిపోతుంది. పిట్టతో పాటు కెమెరా కూడా బెదరడం మొదలుపెట్టింది. మాకు సముద్రం దగ్గర. మధ్యాహ్నం దాటిందంటే గాలి లేస్తుంది, పొద్దుగూకేదాకా ఆగదు. రిబ్బను ఊగినప్పుడల్లా టింగ్. అన్నం తింటుంటే టింగ్. ఆయన ఎడమ చేత్తో ఫోను తీసి చూసి, "రిబ్బనే" అని పక్కన పెట్టేవారు. పెట్టేలోపు మళ్లీ టింగ్.

"ఆ మోత ఆపెయ్యకూడదటండీ?" అంటే, "మోగుతుంటేనే ధైర్యం" అనేవారు.

కెమెరాలు బిగించినతను, మరీ అంత చిన్న కదలికకి మోగకుండా తగ్గించుకోవచ్చని చెప్పే వెళ్లాడు. తగ్గిస్తే దొంగ కూడా తప్పించుకుంటాడేమోనని ఈయన తగ్గించలేదు. దాంతో ఇల్లంతా ఉలికిపాటు పట్టుకుంది. పాలు పొంగు చూస్తుంటే టింగ్, అమ్మకి మాత్ర వేస్తుంటే టింగ్. ఫోను పట్టుకుని ఆయన చెరువు మీదికి వెళ్లిపోయాక కూడా నా చెవుల్లో అది మోగుతూనే ఉండేది.

ఆ తర్వాతే థెరపిస్టు అమ్మాయి గొంతు మారింది. ఇవాళ సగం సగమే అంటున్నారండీ అంది. మొదటి అక్షరం అని ఆగిపోతున్నారు అంది. నిన్న వచ్చిన మాట ఇవాళ లేదు అంది. నేను నెట్‌ని అనుమానించలేదనుకునేరు. ముందు దాన్నే అనుమానించాను. క్లాసు మొదలయ్యేటప్పుడు నిలబడి చూశాను. ట్యాబ్‌లో ఆ అమ్మాయి మొహం, ముక్కుపుడకతో సహా స్పష్టంగా ఉంది. గొంతు ఖంగుమంటోంది. హాల్లో టీవీకి అదే నెట్, సినిమా ఎక్కడా ఆగడం లేదు. ఇక నెట్‌ని ఏమని అనుమానించను? అమ్మనే అనుమానించాను.

గుడివాడ నుంచి మా పిన్ని ఫోన్ చేసి, నాలిక మీద వస అరగదీసి తేనెతో రాయమంది. చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని ఏ మనిషిని ఊరంతా ఎగతాళి చేసిందో, ఆ మనిషికే మళ్లీ వస. అయినా రాశాను. అమ్మ మొహం చిట్లించి, పసిపిల్లలా నాలిక చాపింది. ఆ సాయంత్రం కూడా ఫోన్లో అదే మాట, సగం సగమే అంటున్నారని.

చివరికి ఓ రోజు ఆ అమ్మాయి తటపటాయిస్తూ చెప్పింది. "మేడం, నాకే బాధగా ఉంది చెప్పాలంటే. ముందుకి వెళ్లడం లేదు సరికదా వెనక్కి వస్తున్నారు. ఇంకొన్ని క్లాసులు చూస్తాను. ఇలాగే ఉంటే మాటల కోసం ఆవిణ్ని కష్టపెట్టడం మానేసి, బొమ్మల బోర్డు అలవాటు చేద్దాం."

బొమ్మల బోర్డంటే ఓ అట్ట. దాని మీద మంచినీళ్ల గ్లాసు, అన్నం కంచం, మాత్ర, మంచం, బాత్‌రూము బొమ్మలు ఉంటాయి. ఏది కావాలంటే దాని మీద వేలు పెట్టాలి. అంతే. నెయ్యి తక్కువైందని చెప్పడానికి దాని మీద చోటు లేదు. ఎందుకైనా మంచిదని వాళ్లు ముందే ఒకటి పంపించారు. అమ్మ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ చేత్తో దాన్ని బోర్లా తిప్పి, దాని మీద మంచినీళ్ల చెంబు పెట్టుకుంది.

ఇక నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని. రోజులు చేజారిపోతున్నాయి, డాక్టరు చెప్పిన ఆ మొదటి నెలలు నా కళ్లముందే అయిపోతున్నాయి. ఎవరి మీద అరవాలో తెలియక పనిమనిషి మీద, గ్యాస్ సిలిండర్ మీద, గాలి మీద అరిచాను. క్లాసు వేళకి అమ్మ ట్యాబ్ ముందు కూర్చోనని మొండికేయడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుని బలవంతంగా కూర్చోబెట్టి వచ్చేదాన్ని.

అలా కూర్చోబెట్టిన ఓ సాయంత్రం, క్లాసు మధ్యలో కరెంటు పోయింది. ఏరియేటర్లు టక్కున ఆగిపోయాయి. రొయ్యల చెరువు దగ్గర అంతకంటే భయపెట్టే నిశ్శబ్దం ఇంకొకటి లేదు. మా ఆయన టీ కప్పు, ఫోను ఎక్కడివక్కడ వదిలేసి జనరేటర్ గదికి పరుగెత్తారు, పనివాళ్లు గట్ల వెంట ఆయన వెనక పరుగెత్తారు. ఇంట్లో నెట్టూ, కెమెరాలూ మాత్రం ఆగలేదు. దొంగ కరెంటు పోయినప్పుడే వస్తాడని ఆయన వాటిని ఇన్వర్టర్ మీద పెట్టించారు.

ఆ నిశ్శబ్దంలో మొదటిసారి గది కిటికీలోంచి అమ్మ గొంతు వరండాలోకి వచ్చింది.

"గుమ్మడికాయ."

నిదానంగా, కాస్త వంకరగా, కానీ మొత్తం మాట. నేను ఉన్నచోటే ఆగిపోయాను.

వెంటనే ఆ అమ్మాయి గొంతు, ఎంతో ఓర్పుగా. "గు... తర్వాత? సగంలో ఆపేశారమ్మా. ఇంకోసారి ప్రయత్నించండి."

"గుమ్మడికాయ" అంది అమ్మ, ఈసారి గట్టిగా.

"పర్లేదమ్మా. ఇది రావడం లేదు కదా, వదిలేద్దాం."

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి అమ్మ ఎడమ చేతి వేళ్లతో తన పెదాలు తడుముకుంటోంది. తను అన్నదో లేదో వేళ్లతో వెతుక్కుంటోంది. ఇన్నాళ్లూ ఈ గదిలో ఒక్కతే కూర్చుని మాటలు అంటూనే ఉంది. అన్నది అనలేదని అవతలి వాళ్లు చెబుతుంటే, చదువుకున్న అమ్మాయి చెబుతోంది కదా అని, తన చెవుల్నే నమ్మడం మానేసింది.

"అన్నావమ్మా. నువ్వు అన్నావు. నేను విన్నాను" అని అరిచాను.

అమ్మ నాకేసి అనుమానంగా చూసింది. "అ...న్నానా?" అంది.

ట్యాబ్‌లోని అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తనకి వినిపిస్తున్నది వినిపిస్తున్నట్టు రికార్డు చేసి పంపమన్నాను. అమ్మతో ఇంకో నాలుగు మాటలు చెప్పించి పంపింది. విన్నాను. ఓ అక్షరం, చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఎక్కడిదో ఓ అక్షరం. మా అమ్మ గొంతుని ఎవరో కత్తిపీట మీద తరిగి సగం పారేసినట్టు ఉంది.

హాల్లో తిరగడం మొదలుపెట్టాను. ఇక్కడికి వచ్చేది శుభ్రంగా వస్తోంది, అందుకే ఆ అమ్మాయి మొహం మాకు స్పష్టంగా ఉంది, సినిమా నడుస్తోంది. ఇక్కడినుంచి వెళ్లేదే వెళ్లడం లేదు. మా ఇంట్లోంచి బయటికి అంతగా వెళ్లేదేముంది? మేమేం పంపిస్తున్నాం? టేబుల్ మీద ఆయన వదిలేసిన ఫోను టింగుమంది. తీసి చూశాను. గట్టు మీద పరుగెడుతున్న పనివాడు. మళ్లీ టింగ్. రిబ్బను. ఇంకో కెమెరా, ఇంకో రిబ్బను. చెరువు మీద గాలికి ఊగిన ప్రతి రిబ్బనూ వీడియో అయి మా నెట్‌లోంచి వెళ్తోంది. మా అమ్మ మాట వాటి వెనక వరసలో నిలబడి, సందు దొరికినంత మేరకే వెళ్తోంది.

జనరేటర్ వేసి చెమటలు కారుతూ వచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వకుండా మొదలుపెట్టాను.

"ఏవండీ, ఆ కెమెరాలు తీసెయ్యండి."

"తీసెయ్యడమేంటే? పట్టుబడికి వచ్చిన రొయ్య. పక్కాయనకి ఏం జరిగిందో చూశావుగా."

"వాటివల్ల మా అమ్మ మాట పోతోంది."

"కెమెరాలకీ మీ అమ్మగారి మాటకీ సంబంధం ఏంటి? నెట్ బానే ఉందన్నది నువ్వేగా? టీవీ నడుస్తోందిగా?"

రికార్డింగు వినిపించాను. మొహం మారింది కానీ సంగతి ఎక్కలేదు. నాకు తెలిసిన మాటల్లో రెండు రకాలుగా చెప్పాను, ఎక్కలేదు. అప్పుడు కాలువ గుర్తొచ్చింది. మాది శివారు. పైనున్న ఊళ్ల చేలన్నీ తడిశాక మిగిలిన నీళ్లే మా దాకా వచ్చేవి. మా మావగారు ఆ నీళ్ల కోసం ఎదురుచూడలేకే వరి మానేసి చెరువులు తవ్వించారు.

"కాలువ పొడుగునా అందరూ తూములు ఎత్తేసుకుంటే మన శివారుకి నీళ్లొస్తాయా?" అన్నాను.

"ఎలా వస్తాయి?"

"ఈ ఇంట్లోంచి బయటికి వెళ్లే కాలువ ఒకటే. మీ కెమెరాలన్నీ తూములెత్తేసి కూర్చున్నాయి. మా అమ్మ శివారున ఉంది."

ఆయన చెమట తుడుచుకుంటూ చెరువు వైపు చూస్తూ నిలబడ్డారు.

తలుపు చాటున అలికిడి అయింది. అమ్మ. నాకేసి చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. చెరువు వైపు చూపించింది, తన నోటి మీద చెయ్యి పెట్టుకుంది, మళ్లీ అడ్డంగా ఊపింది. తన నోటి కోసం అల్లుడి పంట దొంగల పాలు కాకూడదట. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ మర్యాద తగలెయ్యా! ఆ అట్ట మీద వేలు పెట్టుకుంటూ బతుకుతావా ఇక? అన్నం, నీళ్లు, బాత్‌రూము. చాలా నీకు?"

అమ్మ పమిట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా ఆయన నన్ను కసిరారు. "ఆవిణ్నెందుకే అంటావు?" అని, తలుపు వైపు చూడకుండా, ఎప్పట్లాగే నాతోనే అన్నారు. "రేపు నాలుగింటికి కెమెరాలు ఆపేస్తున్నానని మీ అమ్మగారికి చెప్పు."

మర్నాడు అన్నట్టే ఆపేశారు. ఆపేసి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లి గట్టు మీద వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. పట్టపగలు దొంగ ఎవడొస్తాడండీ అంటే, కెమెరాలు ఆపే వేళ ఇదని తెలిస్తే పగలే వస్తాడన్నారు. "ఈ గంటా నేనే కెమెరాని." పడమటి ఎండ సరిగ్గా ఆయన మొహం మీద. గాలికి రిబ్బను ఊగినప్పుడల్లా అటు తల తిప్పి చూస్తున్నారు. ఇంకో వేళైతే నవ్వేదాన్ని. నాకు వరండాలో కాలు నిలవడం లేదు. ఏరియేటర్లు మోగుతున్నాయి, లోపల ఏం జరుగుతోందో వినపడదు. ఇదీ కారణం కాకపోతే? నిజంగానే అమ్మే వెనక్కి వెళ్తుంటే? నిన్న నేను విన్నది ఒక్క గుమ్మడికాయేగా? ఆ గంట గడవలేదు, నేను గడిపాను.

ఫోన్ మోగింది. థెరపిస్టు అమ్మాయి. "మేడం, అన్నీ అన్నారు. నేను చూపించినవన్నీ అన్నారు. వాక్యాలు కూడా. ఇన్నాళ్లూ నేను ఆవిడ అన్నవాటికి అనలేదని చెప్పానా మేడం?" అంది. ఆ అమ్మాయిని ఏమని ఓదార్చానో గుర్తు లేదు. ఆ అట్ట పారేయమందని మాత్రం గుర్తుంది.

నేను ఫోను పెట్టేసేలోపు అమ్మ గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చింది. చెయ్యి అందించబోతే తోసేసింది. తలుపు దాటింది. తలుపు చాటున ఆగలేదు. వరండా అంచుదాకా వచ్చి, గట్టు మీద ఎండలో కూర్చున్న మనిషికి ఎదురుగా నిలబడి పిలిచింది.

"అల్లుడుగారూ!"

ఏరియేటర్ల మోతలో ఆయనకి వినపడలేదు. కానీ అత్తగారు తనకి ఎదురుగా నిలబడి తనకేసే చూస్తూ పెదాలు కదుపుతున్నారని కనపడింది. కంగారుపడి లేచి, తల మీది తువ్వాలు తీసేసి, ఒక్క పరుగున వరండా మెట్ల దగ్గరికి వచ్చారు. వచ్చి, అలవాటు ప్రకారం నాకేసి తిరిగి, "ఏమంటున్నారే?" అన్నారు.

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. పళ్లు బిగించి మింగేశాను. "నన్నడక్కండి. ఆవిణ్నే అడగండి" అన్నాను.

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. అమ్మ ఊపిరి తీసుకుంది. "ఎండలో... కూర్చోకండి. లోపలికి... రండి" అంది.

"వస్తున్నానండీ" అన్నారు ఆయన. ఇన్నేళ్లలో మా అమ్మకి ఆయన నేరుగా ఇచ్చిన మొదటి జవాబు అది. నాకు ఏడుపు ఆగలేదు.

లోపలికి వచ్చి, మంచినీళ్లు తాగి, ఆయన ఫోను తీసి కెమెరాలన్నీ మళ్లీ వేశారు. ఒక్కొక్కటే వెలిగింది. టింగ్, రిబ్బను. అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"అయ్యో! వరండా కూడా కనిపించే కెమెరా ఉంది కదే. మీ అమ్మగారు నాతో మాట్లాడింది దేంట్లోనూ పడలేదు" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

నేను ఏదో చెప్పబోయాను. ఈలోగా ఆయన ఎదురుగా, హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్న మా అమ్మే అంది.

"మళ్లీ... అంటాను లెండి."